హైపర్ వేరు, హైపో వేరు

ఈ వారంలోనే నలుగురు నాకు ఒకే మెసేజ్ పంపారు, నలుగురూ చదువుకున్నవాళ్లే. ఆ మెసేజ్ చెప్పేదిదీ: హైపర్, హైపో అనేవి మన సంస్కృతపు ఉపరి, ఉప నుంచి గ్రీకులు దొంగిలించినవట. వాళ్ల దగ్గర మనం ఒక్క మాటా తీసుకోలేదట. రెంటికీ మూలం ఒకటే కాబట్టి షుగర్ హైపర్ అన్నా హైపో అన్నా ఒకటేనట, వెంటనే మాత్ర వేసుకోవాలట.

పోలిక వరకు నిజమే, ఒప్పుకుంటాను. ఉపరి, హైపర్, లాటిన్ సూపర్, జర్మన్ ఊబర్, ఇంగ్లీషు ఓవర్ తోబుట్టువులు. ఉప, హైపో, లాటిన్ సబ్ కూడా అంతే. ఒక తల్లి పిల్లలకు ఒకే ముక్కు ఉంటే అందులో దొంగతనం ఎక్కడుంది? ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఈ చుట్టరికం సంగతే చెప్పాడు.

ఒక్క మాటా తీసుకోలేదా? రోజూ వార్తల్లో వినే ‘కేంద్రం’ గ్రీకు కెంట్రాన్ నుంచి జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చింది. గంట అనే అర్థంలో వాడే హోర కూడా అలాగే వచ్చింది. ఈ శాస్త్రం తెలిసిన యవనులు, అంటే గ్రీకులు, ఋషుల్లా పూజనీయులని మన జ్యోతిష పండితుడు వరాహమిహిరుడే బృహత్సంహితలో రాశాడు. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

 

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది షుగర్ సంగతి. హైపర్ అంటే పైన, హైపో అంటే కింద. హైపర్‌గ్లైసీమియాలో రక్తంలో షుగర్ పెరుగుతుంది, హైపోగ్లైసీమియాలో డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా దిగువకు పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అలాంటి మనిషికి షుగర్ తగ్గించే ఇంకో మాత్రో ఇన్సులినో ఇస్తే ప్రాణం పోవచ్చు! అప్పుడు కావలసింది పంచదార. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మాటలకు మూలంలో చుట్టరికం ఉంటే ఉండనివ్వండి, పడిపోతున్న మనిషికి దానితో పనేమిటి? ఇది పంపే ముందు ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల ముఖం ఒక్కసారి తలుచుకోలేరా?

అయితే ఈ రెండు పేర్లూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, ఆ తప్పు మాత్రం మెసేజ్ రాసినవారిది కాదు. ఒకసారి ఫోన్‌లో డాక్టరుగారు ఏది అన్నారో మా అమ్మకు తెలియలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ‘షుగర్ పడింది’, ‘షుగర్ పెరిగింది’ అనే అంటాం.