సైరన్ మోగిందా? విలేకరి అడగవలసిన మొదటి ప్రశ్న

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకూ వార్తలో జవాబుండాలని విలేకరులకు తొలిరోజుల్లోనే నేర్పుతారు. అయితే ఆ జవాబులన్నీ ఒకే రోజు దొరకవు. దొరకని జవాబును ఊహతో పూరించబోయినప్పుడే వార్త చెడుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి ప్లాస్టిక్ తయారీలో వాడే విషరసాయనం స్టైరీన్ ఆవిరిగా వెలువడి, నిద్రలో ఉన్న జనాన్ని కమ్మేసింది. ఆ దుర్ఘటనలో 12 మంది మరణించారు. అలాంటి ఉదయం మృతుల సంఖ్య గంటగంటకూ మారుతుంది కాబట్టి, ఆ సంఖ్యను ఎవరు చెప్పారో, ఏ సమయానికి చెప్పారో అదే వాక్యంలో రాయాలి. ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని సరిపెడితే, ఆసుపత్రిలో ఉన్న తమవారి కోసం వెతుకుతున్న కుటుంబానికి ఆ వార్త ఎందుకూ పనికిరాదు.

కారణం సంగతి వేరు. లాక్‌డౌన్‌లో ఆగిన కర్మాగారాన్ని తిరిగి నడపడానికి సిద్ధమవుతున్న సమయం కనుక, నెపమంతా లాక్‌డౌన్ మీదికి నెట్టడం తేలిక. రాష్ట్ర ప్రభుత్వం ఐఏఎస్ అధికారి నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలో నియమించిన ఉన్నతస్థాయి కమిటీ జులై 6న ఇచ్చిన నివేదిక మాత్రం స్టైరీన్ నిల్వ చేసిన ట్యాంకు రూపకల్పనలోని లోపాలను, చాలీచాలని శీతలీకరణను, యాజమాన్య నిర్లక్ష్యాన్ని ఎత్తిచూపింది. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలవడంతో పై పొరల్లో పెరిగిన వేడి తెలియలేదన్న విషయం మొదటి రోజు ఏ విలేకరికీ అందేది కాదు. అలాంటప్పుడు ‘కారణం ఇంకా తేలలేదు’ అని రాయడమే నిజాయితీ, అది చేతగానితనం కానే కాదు.

కానీ హెచ్చరిక సైరన్ మోగకపోవడం కూడా ఆ కమిటీ తప్పుపట్టిన విషయాల్లో ఒకటి. దీన్ని తెలుసుకోవడానికి రసాయన శాస్త్రం అక్కర్లేదు, అధికారుల అనుమతీ అక్కర్లేదు. వీధిలో ప్రాణాలు దక్కించుకున్న పదిమందిని విడివిడిగా అడిగి, వారి మాటలను కర్మాగారం ముందుంచి వివరణ కోరితే చాలు. మంచి విలేకరి పనితనం నా దృష్టిలో ఇక్కడే తెలుస్తుంది: మంత్రుల పరామర్శల వరుసకు సగం పేజీ ఇచ్చి ఈ ఒక్క ప్రశ్నను వదిలేసిన కథనం ఎంత కరుణరసంతో రాసినా లోటుగానే ఉంటుంది.

విలేకరులు పంపిన వార్తలను సరిదిద్ది అచ్చుకు సిద్ధం చేసే డెస్కు బాధ్యత కూడా తక్కువేమీ కాదు. నివేదిక వచ్చిన రోజున పత్రికా ప్రకటనను యథాతథంగా దించేయకుండా, మొదటి రోజు ఊళ్లో తిరిగిన విలేకరికే ఆ పత్రాలు చదివే వ్యవధి ఇవ్వాలి. అందులోని ప్రతి నిర్ధారణనూ ఆ ఊరివాళ్లు అప్పట్లో చెప్పిన మాటలతో పోల్చి చూడగలిగింది అతనొక్కడే.