మేడ మీద సిమెంట్ రేకు గారికి

సిమెంట్ రేకు గారికి నమస్కారం. గారు అనడం ఈ ఒక్కసారికే, పద్దెనిమిదేళ్లుగా మా మేడ నెత్తి మీదే కూర్చున్నావ్ కాబట్టి ఇకనుంచి నువ్వు అనే అంటా, ఏమనుకోకు.

గుంటూరులో పుట్టి పెరిగినోణ్ణి, దుమ్ము నాకేం కొత్త కాదు. మిర్చి యార్డు వైపు బండి మీద పోతే చాలు, యార్డు కనపడకముందే ముక్కు మండిద్ది, తుమ్ములు, కళ్లల్లో నీళ్లు, కర్చీఫ్ కట్టుకోరా నాయనా నేనొస్తున్నా అని మిర్చి చెప్పి మరీ వచ్చిద్ది. మర్యాదంటే అదీ. నీకు ఘాటు లేదు, వాసన లేదు, నువ్వు లోపలికి పోయిన సంగతి పీల్చినోడికే తెలీదు.

మొన్న ఎండాకాలం కోతి దూకి ఒక రేకు పగిలింది. కొత్తది తెప్పిస్తే అడుగున్నర ఎక్కువుంది, మేస్త్రీ కటింగ్ మెషీన్ పెట్టి కోశాడు. తెల్లగా పొగలా లేచిందయ్యా, ఒక నిమిషం మేస్త్రీ కనపళ్లేదు. తువ్వాలు భుజం మీదే ఉంది కానీ అది చెమట తుడుచుకోడానికి, మూతికి కాదు. పక్క డాబా మీద పిన్నిగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంది, వాటి మీద సన్నగా పడితే ఆవిడ ఉఫ్ ఉఫ్ అని ఊది "ముగ్గుపిండిలా ఉందే" అంది. ముగ్గుపిండే అయితే ఇంకేం కావాలి పిన్నీ.

మాస్కు పెట్టుకో, నీళ్లతో తడిపి చేతి రంపంతో కొయ్యి అని నేను గొప్పగా సలహా ఇచ్చా, అదీ కోత అయిపోయాక. "పాతికేళ్ల నుంచి కోస్తన్నా సార్, నాకేమైంది?" అన్నాడు. అక్కడే ఉంది నీ తెలివి అంతా! నీలో ఉన్న రాతినార (అదే, ఆస్బెస్టాస్) పోగులు కంటికి కనపడనంత సన్నం, ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కణ్ణుంచి వాటి చుట్టూ ఉండే పొర దాకా పోతాయి, ఒళ్లు వాటిని కరిగించలేదు, పూర్తిగా బయటికి తోయలేదు. నువ్వక్కడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని 20 ఏళ్లు, 30 ఏళ్లు, ఒక్కోసారి 50 ఏళ్లు కూడా ఆగుతావ్. బ్యాంకోడు మూడు నెలలు ఆగడు గదా. తర్వాతెప్పుడో మనవళ్లని ఎత్తుకునే వయసులో ఆయాసం, ఛాతీలో నొప్పి, పొరలో నీరు చేరటం. నెమ్ము అంటారు, టీబీ అని మందులు కూడా మింగిస్తారు, నీరు తీస్తే మళ్లీ చేరిద్ది, చివరికి ముక్క తీసి పరీక్షకి పంపితే మీసోథీలియోమా అని వచ్చిద్ది, అంటే ఆ పొరకి పట్టే క్యాన్సర్. ఆ పేరు పలకడం ఇంట్లోవాళ్లకి వచ్చేసరికి చాలామందికి మిగిలేది ఏడాది అటూ ఇటూ. బీడీలు తాగేవాడివా అని అందరూ అడుగుతారు, పాపం ఈ ఒక్క విషయంలో బీడీ నిర్దోషి (నువ్వూ బీడీ కలిస్తే వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ వేరే కథ). నలభై ఏళ్ల కింద ఏం పని చేశావని మాత్రం ఎవడూ అడగడు. ఆ మాసిన చొక్కా దులిపి ఉతికిన ఇంటావిడకి కూడా ఈ జబ్బు వచ్చిన దేశాలున్నాయి, ఆవిణ్ణి అసలే అడగరు.

దొరకలేదా అంటే ఎప్పుడో దొరికావ్. 1960లోనే దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ ఈ జబ్బు కేసులు 33 రాసిపెట్టారు, అందులో రాతినార గని మొహం చూడకుండా ఊరికే ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లూ ఉన్నారు. అక్కడిది నీలం రకం రాతినార అండీ, నేను తెల్ల రకం అని తెల్ల కార్డు చూపించినట్టు చూపిస్తావ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ విభాగమేమో రంగులన్నిటినీ ఒకే లిస్టులో పెట్టింది. యూరప్ వాళ్లు 2005కల్లా వద్దన్నారు, అమెరికా నీ తెల్ల రకాన్ని 2024లో వద్దంది, కెనడాలో ఆస్బెస్టాస్ అని నీ పేరే పెట్టుకున్న ఊరు సిగ్గేసి 2020లో పేరు మార్చుకుంది. ఒకప్పుడు మన పులివెందుల దగ్గర కూడా తవ్వారు నిన్ను, ఇప్పుడేమో రష్యా నుంచీ కజకిస్తాన్ నుంచీ ఓడెక్కి వస్తున్నావ్.

అబద్ధమెందుకు, కదపకుండా ఉంటే నీవల్ల పెద్ద ముప్పేం లేదు, కోసినా బెజ్జం వేసినా పగలగొట్టినా అప్పుడే నీ అసలు బుద్ధి. పైగా చవక. జింకు రేకులేస్తే ఎండకి పెనం, వానకి ఫోన్ మాట్లాడనివ్వవు. పైన షెడ్డులో అద్దెకుంటున్న ఇంటర్ పిల్లలకి అదైతే కష్టం అని నాకు నేనే సర్ది చెప్పుకుని మళ్లీ నిన్నే తెప్పించా.

1995లో సుప్రీంకోర్టు నీతో పనిచేసేవాళ్ల ఆరోగ్యం లెక్కలు కనీసం 40 ఏళ్లు దాచమంది. ఫ్యాక్టరీలో సరే, మా మేస్త్రీ పేరు ఏ రిజిస్టర్లో రాయాలి? నా దగ్గరున్నది ఫోన్లో రేకులు బాబు అని సేవ్ చేసిన నంబరు ఒక్కటే.

పనైపోయాక ఆ అడుగున్నర ముక్క చూసి "పడేస్తారా సార్, మా కోళ్ల గూటి మీదకి సరిపోద్ది, అటో ఇటో కొంచెం కోసుకుంటా" అన్నాడు. టీవీఎస్ బండి వెనకాల కట్టుకుని పోయాడు. తాడు నేనే ఇచ్చా.

ఇట్లు,
మేడ ఓనరు