సెన్సర్ తుడిచే చేతికి కూలి ఎంత?

కృత్రిమ మేధ కొలువులు మింగేస్తుందా అన్న చర్చంతా హైదరాబాద్ ఐటీ ఆఫీసుల చుట్టూనే తిరుగుతోంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్టు మీద చూస్తే ప్రశ్నే వేరు. నీళ్లు కొలిచే, మేత వేసే యంత్రం వచ్చింది, కాపలా మనిషి పోలేదు. అతని మీద ఇంకో పని పడింది. జీతం మాత్రం కాపలావాడిదే.

డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ సంగతే తీసుకోండి. పగలు ఆక్సిజన్ ఇచ్చే బ్లూమ్ (నీళ్లకు రంగు తెచ్చే సన్నటి నాచు) రాత్రి రొయ్యతో పాటు తనూ పీల్చుకుంటుంది. తెల్లవారే ముందు డీవో అడుగంటుతుంది. 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కింద పడితే రొయ్య మేత తగ్గిస్తుంది, 2 దాకా వస్తే పైకి తేలుతుంది. ఫోన్‌లో అలారం మోగుతుందిగా, ఇంక నిద్రపోవచ్చంటారు అమ్మేవాళ్లు.

ఉప్పునీళ్లలో ముంచి ఉంచే సెన్సర్ కొనకు, అంటే ప్రోబ్‌కు, కొద్ది రోజుల్లోనే పాచి పడుతుంది. ఆ పాచి రాత్రి రీడింగ్‌ను కిందికి లాగి, పగలు పైకి తోస్తుంది. దొంగ అలారాలకు విసిగి ఎవరో ఒకరు ఫోన్ సైలెంట్‌లో పెడతారు. అంతకంటే చెడ్డది సెలినిటీ సెట్టింగ్, అంటే నీళ్లలో ఉప్పెంతో మీటర్‌కు చెప్పే అంకె. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్లు దాదాపు 7.8 పీపీఎం ఆక్సిజన్ పట్టుకుంటే, లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లు 6.4 మాత్రమే పట్టుకుంటాయి. సెట్టింగ్ సున్నా మీదే వదిలేస్తే, మీటర్ 4 చూపేటప్పుడు ఆ గుంటలో నిజంగా ఉన్నది 3.3. అలారం మోగదు. నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్ల మీద పెట్టిన సెన్సర్‌దీ ఇదే వరస: మోటారుకు కరెంటు అందుతోందని చెబుతుంది, గేర్‌బాక్స్ అరిగి రెక్కలు నిలిచిపోతే అది గట్టు మీది కంటికే ముందు కనపడుతుంది.

రొయ్య మేత కొరికే చప్పుడు విని మేత వదిలే ఆటో ఫీడర్లూ ఉన్నాయి. జోరు వానలో ఆ చెవికి పని ఉండదు. అమావాస్యకో పౌర్ణమికో గుల్ల విడిచే రోజుల్లో మేత తగ్గించాలని, మేత మిగిలిందో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

మేత మిగిలింది, డీజిల్ ఆదా అయింది అంటారు యజమానులు. నిజమే. పెట్టుబడిలో సగం దాకా మేతకే పోయే కల్చర్‌లో అది చిన్న లాభం కాదు. ప్రోబ్ క్యాప్ మార్చే ఖర్చు ఆ లాభంలోంచే తీసి పక్కన పెడతారు. దాన్ని తుడిచి, కాలిబ్రేట్ చేసి, తప్పు రీడింగ్ పట్టుకునే మనిషికి ఆ లెక్కలో ఒక్క వరుస ఉండదు. గుంట పోతే మాత్రం మొదటి మాట ‘వాడు చూసుకోలేదు’.

అసలు బేరం ఇంకా పైన జరుగుతోంది. మేత లెక్క చెప్పే యాప్ ‘పది శాతం పెంచు’ అంటుంది, ట్రేలో మేత మిగిలిందని కాపలా మనిషి తగ్గించి నమోదు చేస్తాడు. అలాంటి దిద్దుబాట్లు పోగుచేసుకున్న కంపెనీకి ఎక్కడ మేత ఎంత పోతుందో, ఏ కౌంట్ (కిలోకు ఎన్ని) రొయ్య ఎప్పుడు పట్టుబడికొస్తుందో రైతుకంటే ముందే తెలిసే వీలుంది. మేత అమ్మేదీ, రొయ్య కొనేదీ, యాప్ నడిపేదీ ఒకే చెయ్యి అయితే రేటు దగ్గర రైతుకు మిగిలే పట్టు ఎంత? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనుషుల వ్యక్తిగత సమాచారం గురించినది, గుంట లెక్కల మీద హక్కు ఎవరిదో అది తేల్చదు. సీడ్ (రొయ్య పిల్లలు) వదలకముందే యాప్ ఒప్పందంలో రెండు వరుసలు రాయించుకోవాలి: పట్టుబడి అయ్యాక ఆ లెక్కలన్నీ రైతు చేతికి ఇవ్వాలని, రైతు ఒప్పుకోనిదే కొనేవాడికి చూపకూడదని.