పూడిపోయిన నూతులకూ పటంలో చోటుండాలి

జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అనగానే మా ఉద్దానంలో చాలామందికి గుర్తొచ్చేవి డ్రోన్లతో చేసిన భూముల రీసర్వే, ఫోన్‌లో దారి చూపే మ్యాపు. రెండూ కావలసినవే. కానీ గట్టు ఎవరిది, దారి ఎటు అన్న రెండు ప్రశ్నలతోనే ఈ పరిజ్ఞానాన్ని సరిపెట్టేయడం నాకు బాధగా ఉంది. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ దీన్ని కంప్యూటర్‌కు ఎక్కించింది పటాలు అందంగా గీయడానికి కాదు. నేల స్వభావం, అడవి, సాగు వంటి వివరాలను ఒకే ప్రాంతంపై పొరలుగా పరిచి, విడివిడిగా చూస్తే అందని సంబంధాలను పట్టుకోవడానికి. అంతకు శతాబ్దం ముందే, 1854 నాటి లండన్ కలరాలో, జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను ఇంటింటికీ పటంలో గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని మంచినీటి పంపు చుట్టూ చేరి ఉన్నాయని చూపించారు.

మా కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంతవరకూ తేలలేదు. మా చిన్నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీరు వచ్చింది, సంతోషమే. అయితే ఏళ్ల తరబడి చాపకింద నీరులా ముదిరే జబ్బు విషయంలో, ఈనాటి కుళాయి నీటి కంటే పాతికేళ్ల కిందట ఆయన తాగిన నీళ్ల గురించే ముందు అడగాలి. ఆ నుయ్యి మా కొబ్బరితోటలో ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కూలిన చెట్ల మొద్దులతో, మట్టితో దాన్ని కప్పేశాం. చేంతాడు ఒరిపిడికి గాడి పడిన రాయి మాత్రం ఇంకా పైకి కనిపిస్తుంది. దాని పక్కన నిలబడి ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయడానికి నాకు నిమిషం పట్టలేదు. నేను చూసిన ఏ పటంలోనూ ఆ నుయ్యి లేదు.

సాధనాలు లేవనడానికి వీల్లేదు. ఇస్రో వారి ఉపగ్రహ పటాల వెబ్‌సైట్ భువన్ 2009 నుంచి ఉంది, పటాలను పొరలుగా తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీపై ఆంక్షలను చాలావరకు సడలించింది. ఒకప్పుడు నిపుణుల గదికే పరిమితమైన పని ఇప్పుడు ఊరివాళ్లు కూడా చేయగలిగినదయింది. రోగుల పేర్లు, ఇంటి నంబర్లు బయటపెట్టనక్కరలేదు, వీధి వరకు తెలిస్తే చాలు. పాత నూతులు ఒక పొర, బోర్ల లోతు ఇంకొకటి, నీటి పరీక్షల ఫలితాలు మరొకటి, జబ్బు బయటపడిన సంవత్సరం వేరొకటి. ఇలా పరిచినంత మాత్రాన కారణం తేలుతుందని నేను అనడం లేదు. పరిశోధకులు ఎక్కడ తవ్వి చూడాలో, ఎవరిని ఏం అడగాలో అప్పుడు తెలుస్తుంది.

ఏ ఇంటివాళ్లు ఏ నూతి నీళ్లు తోడుకునేవారో చెప్పగలిగిన పెద్దవాళ్లు మా వీధిలో ముగ్గురే మిగిలారు. ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చుని రాసుకుంటాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా మీ వీధిలో ఇదే పని మొదలుపెడితే నాకు తెలియజేయండి.