ఏడు పటాలు, ఎనిమిది ఖాళీలు

తిరుపతిలో ఇళ్ళకు గోడలు తక్కువ, పటాలు ఎక్కువ. గృహప్రవేశమైనా, పెళ్ళిరోజైనా, రిటైర్మెంటైనా వచ్చినవాళ్ళు శాలువా కప్పి ఏడుకొండలవాడి పటం చేతిలో పెడతారు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్ళలో జేబులో పట్టేవి మొదలుకొని ఇద్దరు మోయాల్సినవాటి దాకా అన్ని సైజులూ దొరుకుతాయి. దేవుడి పటాన్ని వద్దని ఎవరనగలరు? పారేయకూడదు. మంచం కింద అసలే పెట్టకూడదు, కాళ్ళు తగులుతాయి. అందుకని అవి బీరువా మీద, ఒకదాని వెనక ఒకటి, గోడవైపు మొహం తిప్పుకొని ఏళ్ళ తరబడి నిలబడి ఉంటాయి.

మా బావ ఇంట్లో బీరువా మీద కూడా చోటు అయిపోయింది. బైరాగిపట్టెడలో వాళ్ళది అద్దె పోర్షను. పాత ఇంటికి నడిమధ్య గోడ లేపి రెండు వాటాలు చేశారు. అటు ఓనరు దంపతులు, ఇటు మావాళ్ళు. ఆ నడిమి గోడే హాల్లో అన్నిటికంటే పొడుగుది, ఖాళీగా ఉన్నది. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ బావ కన్ను దాని మీద పడింది.

"ఏడుకొండలకు ఏడు పటాలు. వరసగా. ఒకదానికొకటి సమానమైన ఎడంతో. ఎట్లుంటాది?" అన్నాడు.

మేడ మీదికెక్కితే కొండలు ఎదురుగానే కనిపిస్తాయి. శేషాద్రికీ నీలాద్రికీ మధ్య ఎంత ఎడమో, గరుడాద్రి ఎక్కడ మొదలవుతుందో ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కూడా వేలు పెట్టి చూపించలేరు. ఈ మాట పైకి అనలేదు. బావ అప్పటికే టేపు తెచ్చేశాడు.

ఏ ఏడు పటాలన్న దగ్గర మొదటి పంచాయితీ. స్వామివారిది 20 అంగుళాల వెడల్పు, అది మధ్యలో. పద్మావతి అమ్మవారిది 14. అక్కాబావల పెళ్ళి ఫొటో 12. శ్రీకాళహస్తిలో కొన్న కలంకారీ బట్టకు కట్టించిన పటం 12. పిల్లోడి స్కూలు ఫొటో 10. తలకోన జలపాతం దగ్గర అందరూ తడిసి వణుకుతూ నిలబడ్డ ఫొటో 10. ఏడోది మా బావ వాళ్ళ నాన్నగారిది అనుకున్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"మీ నాయన్ను తీసుకపోయి దేవుళ్ళ వరసలో నిలబెడతావా? ఆయన దక్షిణం గోడకే ఉంటాడు. కదిలిస్తే ఊరుకునేది లేదు."

ఆ ఖాళీలోకి బావ సన్మానం ఫొటో దూరింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడ్డప్పుడు బావకు చిత్తూరు ఆఫీసు నుంచి ఇక్కడికి బదిలీ అయింది. అప్పుడు వీడ్కోలు సభలో తీసిన ఫొటో అది. అందులో శాలువా కప్పుతున్నాయన నవ్వుతున్నాడు, పక్కన చప్పట్లు కొడుతున్నవాళ్ళు నవ్వుతున్నారు, బావ కళ్ళు మూసుకొని ఉన్నాడు. "నిద్రపోతా ఉన్నట్టుంది కదండీ, హాల్లో ఎందుకు?" అని అక్క అడిగింది. "ధ్యానం అనుకుంటార్లే" అని 10 అంగుళాలు రాసుకున్నాడు.

కొలతకు ముందు ఇంకో పని జరిగింది. టేపు కొసన రేకు కొక్కెం కాస్త ఊగుతోంది. "వదులైపోయింది, ఇట్లాంటి టేపుతోనే లెక్కలు తప్పేది" అని బావ దాన్ని గడప రాయి మీద పెట్టి, సుత్తితో రివెట్ల మీద నాలుగు దెబ్బలేసి కదలకుండా బిగించాడు. తర్వాత ఒక కొస నా చేతికిచ్చి గోడ కొలిచాడు. 12 అడుగులు. అంటే 144 అంగుళాలు. పటాల వెడల్పులన్నీ కలిపితే 88. తీసేస్తే మిగిలేది 56.

"ఏడు పటాలు. 56 బై ఏడు, ఎనిమిది. ఎనిమిదేసి అంగుళాల ఎడం. ఐపాయ!"

వాళ్ళబ్బాయి ట్యూషన్ పుస్తకం ముందు పెట్టుకొని కూర్చుని ఉన్నాడు. చెయ్యి చాపి వేళ్ళు విడదీసి చూపించాడు. "వేళ్ళు అయిదు, సందులు నాలుగే కదా నాన్నా."

బావ వాడి చెయ్యి పట్టుకొని సందులు లెక్కపెట్టాడు. నిజమే. "అయితే ఆరు సందులు. 56 బై ఆరు. తొమ్మిదీ పాయింట్ మూడు మూడు." అక్క వంటింట్లోంచే అడిగింది. "ఈ కొసన పటం, ఆ కొసన పటం మూలల్లో అతుక్కొని ఉంటాయా?" ఉండకూడదు. అప్పుడు రెండు చివర్లా రెండు ఖాళీలు వస్తాయి. ఆరూ రెండూ ఎనిమిది. 56 బై ఎనిమిది, ఏడు. పోనీ మొదటి లెక్క ప్రకారం ఎనిమిదేసి అంగుళాలు వదులుకుంటూ పోయుంటే ఏమయ్యేదని కాగితం మీద వేసి చూశాం. సన్మానం ఫొటో అంచు సరిగ్గా గోడ మూలకు పోయి తగులుతుంది. అదే నయమని అక్క అంది.

ఏడంగుళాలు ఖాయమయ్యాక ఎత్తు దగ్గర ఆగింది. పటం నడిమధ్య నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉండాలని, మ్యూజియాల్లో అట్లాగే పెడతారని, మనిషి కంటికి అది సరిపోతుందని బావ ఫోన్లో వీడియో చూపించాడు. అత్తమ్మ అద్దాలు సవరించుకొని చూసింది.

"దేవుణ్ణి చూడాలంటే తల ఎత్తాల. నడుం దగ్గర పెడితే ఎవురు మొక్కుతారు? కూర్చున్నోళ్ళ తలనూనె అంటుకుంటాది."

ఆమె మాటా తీసేయదగింది కాదు. పాత ఇళ్ళలో పటాలు తలుపు చట్రం కంటే పైన, ముందుకు వంగి ఉండేవి. పైన తాడు, కింద రెండు మేకుల ఆధారం. కింద నిలబడి మొక్కేవాడి వైపు దేవుడే వంగి చూస్తున్నట్టు. బేరసారాలయ్యాక నడిమధ్య 66 అంగుళాల దగ్గర రాజీ కుదిరింది. మ్యూజియానికీ అత్తమ్మకూ సమానంగా అన్యాయం.

తర్వాత పాత పేపర్లు. ఒక్కో పటం కొలతకు పేపరు కత్తిరించి గోడకు అంటించి చూసుకుంటే తప్పు జరగదని కూడా వీడియోలో చెప్పారు. మంచి ఉపాయమే. అంటించాం. ఫ్యాన్ వేశాం. తలకోన ఎగిరి సోఫా మీద పడింది, పద్మావతి అమ్మవారు ఒక మూల ఊడి వేలాడింది. ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుకుంటూ మళ్ళీ అంటించేసరికి అత్తమ్మ గోడకు ముక్కు ఆనించి స్వామివారి స్థానంలో ఉన్న పేజీ చదువుతోంది. "ఇదెప్పటి పేపర్రా? పుత్తూరులో కట్టు కట్టించుకోను పోయినోళ్ళ గురించి ఏందో రాసినారు, సగం కత్తిరించేసినావే" అని విసుక్కుంది. మిగతా సగం పెళ్ళి ఫొటో స్థానంలో ఉంది. అక్కడికి జరిగి పూర్తిచేసింది.

పేపరు వేరు, పటం వేరు. పటం వెనక తీగ ఉంటుంది. మేకుకు తగిలించగానే ఆ తీగ మధ్యలో పైకి లేస్తుంది. లేచిన చోటికీ ఫ్రేము పై అంచుకూ మధ్య దూరం ఎంతో, పై అంచు నుంచి అంత కిందికి మేకు పడాలి. ఇది ఒక్కో పటానికి ఒక్కో రకం. కట్టినవాడి చేతి వాటాన్ని బట్టి ఒకదానికి రెండంగుళాలు, ఇంకోదానికి మూడున్నర. బావ ప్రతి పటాన్నీ తిరగేసి, తీగను వేలితో పైకి లాగి పట్టుకొని కొలిచి, వెనక పెన్సిల్‌తో రాశాడు. ఆ ఓపిక చూస్తే నాకే ముచ్చటేసింది. వాటి మధ్యలో కలంకారీ పటం బోర్లా పడుకొని ఉంది. దాని మీద బొమ్మ గీసినాయన చింతపుల్ల బొగ్గుతో, వెదురు కలంతో, చేతికొచ్చినట్టు గీసుకుంటూ పోయినవాడు.

డ్రిల్లు ఇంటర్నెట్ కేబుల్ లాగే కుర్రాడి దగ్గర అడిగి తెచ్చాం. దాంతోపాటు బిట్టు కూడా వచ్చింది. అడుగు పొడవుంది. బావ జాగ్రత్తపరుడు. స్విచ్చు బోర్డుకు నేరుగా పైన కొట్టకూడదని, గోడ లోపల పైపులో వైర్లు నిలువునా పోతుంటాయని నాకు చెప్పి, బోర్డు వేరే గోడకు ఉందని రెండుసార్లు చూసుకొని స్టూలెక్కాడు. రోజూ ఈ పని చేసేవాళ్ళు ఎంత లోతు కావాలో అక్కడ బిట్టుకు రంగు టేపు చుట్టుకుంటారు. కేబుల్ కుర్రాడి బిట్టుకు అదేమీ లేదు. గోడకు అటు తేలడమే దాని ఉద్యోగం.

మొదట గర్రుమని మొరాయించింది. తర్వాత ఎర్రటి ఇటుక పొడి రాలింది. ఉన్నట్టుండి సర్రుమని పిడి దాకా దిగిపోయింది.

"చూసినావా, ఎట్లా పోతా ఉండాదో! చెయ్యి కుదిరితే అంతే" అన్నాడు బావ.

మేకు బిగుసుకోవడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి సుత్తితో కొడితే అది లోపలికి పోయింది. పోయి కనపడలేదు. ఇంకోటి పెడితే అదీ పోయింది. "పాత గోడ కదా, లోపల డొల్ల ఉంటాది, నిండితే నిలబడతాదిలే" అని వరసగా పెడుతూ పోయాడు. ఎప్పటికో ఒకటి అడ్డంపడి నిలిచింది. అన్ని రంధ్రాలదీ అదే కథ. ప్యాకెట్ అయిపోతే నేనే లీలామహల్ సర్కిల్ దాకా పోయి ఇంకో ప్యాకెట్ తెచ్చాను. అంగడాయన "ఏం సామీ, ఇల్లంతా కొట్టిస్తా ఉండారా?" అని అడిగాడు.

సాయంత్రానికి ఏడూ ఎక్కాయి. అబద్ధం ఎందుకు, చాలా బాగున్నాయి. ఎక్కడ చూసినా ఏడంగుళాలే. బావ ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒక్కరూ బాగుందనలేదు. "గృహప్రవేశానికి మేమిచ్చిన పటం ఏదీ?" అని మదనపల్లె నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఒకరు అడిగారు.

జవాబేం రాయాలా అని బావ తల గోక్కుంటుండగా తలుపు తట్టారు. తిరుచానూరు గుడికి పోయిన ఓనరు దంపతులు తిరిగొచ్చారు. ఓనరు గుప్పిట విప్పాడు. నిండా ప్లగ్గులు.

"ఇవి మీవేనా అప్పా? మా సోఫాలో దొరికినాయి."

అందరం అటువైపు పోయి చూశాం. గోడకు ఏడు రంధ్రాలు. ఇటు నుంచి పోయిన బిట్టు అటు బయటపడేటప్పుడు పూత పెళ్ళలుగా లేచి, ఒక్కోటి అయిదు రూపాయల బిళ్ళంత గుంట అయింది. సోఫా మీద ఎర్రటి పొడి. ఓనరు ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. కోప్పడలేదు. గోడ మీద అరచేత్తో తట్టాడు.

"సగం ఇటుక గోడ ఇది. నాలుగున్నర అంగుళాలు. రెండు పక్కలా పూత వేసుకున్నా ఆరు లోపలే. పొడుగు కొలిచినారు, ఎత్తు కొలిచినారు. మందం ఎవురూ చూడలేదా?"

బావ చేతిలో టేపు తీసుకున్నాడు. కొక్కెం అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు. అప్పుడు వచ్చింది కోపం.

"దీన్ని ఎవురు బిగించింది? ఇది ఊగాలప్పా! కొక్కెం ఎంత మందముంటాదో అంత ఊగాల. చెక్కకు తగిలించి లాగితే బయటికి జరుగుతాది, గోడకు ఆనించి నెడితే లోపలికి పోతాది. అప్పుడే రెండు పక్కలా కొలత సరిపోయేది. బంగారట్లాంటి టేపును పాడుచేసినారు కదా!"

సొంత గోడకు ఏడు తూట్లు పడ్డా అంత బాధపడలేదు ఆయన. ఆ టేపుతోనే రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కొలవడం మొదలుపెట్టాడు. "పదిహేడు... పద్దెనిమిది... ఇరవై మూడు... ఇరవై నాలుగు... ఇరవై... పద్దెనిమిది. ఏందప్పా ఇది, ఒకదానికొకటి పొంతన లేదే? ఎత్తు కూడా ఒకటి పైకి, ఒకటి కిందికి! పొద్దున్నుంచి కొలుస్తా ఉండారు కదా మీరు!"

బావకు ప్రాణం లేచొచ్చింది. జేబులో కాగితం తీశాడు. "సార్, పటాల వెడల్పు వేరే వేరే కదా. సమానంగా ఉండాల్సింది పటాల నడుమ ఖాళీలు, మేకుల నడుమ కాదు. ఎత్తు తేడా తీగ వల్ల. కావాలంటే ఇటొచ్చి చూడండి, అన్నీ ఏడంగుళాలే!"

ఓనరు కాగితం చూసి మెల్లగా తలూపాడు. లెక్క కరెక్టే. ఆయన భార్య మాత్రం గోడనే చూస్తోంది.

"మీకు పటాలు ఉండాయి నాయనా, ఖాళీలు కనపడతాయి. మాకు ఉండేది తూట్లే కదా?"

దీనికి బావ దగ్గర లెక్క లేదు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి ఆమే అటక మీది నుంచి పటాలు దింపమంది. తూట్లు ఎట్లాగూ పడ్డాయి, ప్లగ్గులూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, అటు నుంచి బిగిస్తే సరిపోతుందని ఓనరు కూడా ఒప్పుకున్నాడు. దుమ్ము తుడిచి వరసగా పేర్చి చూస్తే పటాలు ఆరే ఉన్నాయి.

"ఒకటి తక్కువొచ్చిందే" అందామె.

అక్క ఒక్క మాట మాట్లాడకుండా మా వాటాలోకి పోయి, గోడ మీది సన్మానం ఫొటో తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచుకోండి పిన్నీ" అంది. ఆమె దాన్ని కళ్ళకద్దుకోబోయి, లోపలున్నది బావ అని చూసి ఆగింది.

బావకు ఫొటో పోయిందన్న బాధ కూడా తట్టలేదు. కాగితం వెనక్కి తిప్పి అప్పటికే వేసేస్తున్నాడు. "ఇప్పుడు మనకు పటాలు ఆరు, మొత్తం 78. నూటనలభై నాలుగులో తీసేస్తే 66. ఖాళీలు ఏడు. 66 బై ఏడు... తొమ్మిదీ పాయింట్ నాలుగు రెండు... అంటే మళ్ళీ అన్నీ కొట్టాల్సిందే. ఒరే, ఆ డ్రిల్లు పట్రా!"

డ్రిల్లు లేదు. కేబుల్ కుర్రాణ్ణి పిలిపించి అక్క అప్పటికే ఇచ్చి పంపేసింది.