వీడియో ఆన్ చేసి స్టాఫ్‌రూమ్‌కి వెళ్లిపోతే పాఠం చెప్పినట్టు కాదు

టీనేజ్ పిల్లలకు సెక్స్ ఎడ్యుకేషన్ అనగానే ఇప్పుడు వినిపించే మాట ఒకటే: "మంచి వీడియోలున్నాయి కదా, చూపిస్తే సరిపోతుంది." నా కోపమంతా ఆ "సరిపోతుంది" మీదే.

వీడియోలంటే నాకు పడక కాదు. నెలసరి మొదలైన కొత్తలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలేననీ, నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదనీ, కండోమ్ ఎలా వాడాలో, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలనీ, ఇవన్నీ టీచర్ బోర్డు వైపు తిరిగి గొణగడం కన్నా చిన్న యానిమేషన్ శుభ్రంగా చెబుతుంది. అర్థం కాకపోతే వెనక్కి జరుపుకోవచ్చు, పక్కవాడు నవ్వుతాడన్న టెన్షన్ ఉండదు. కాకపోతే చిన్నదిగా ఉండాలి. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా జనం సాధారణంగా ఆరు నిమిషాలకు మించి చూడలేదని తేలింది. వాళ్లంతా ఇష్టపడి చేరినవాళ్లు! గంట ఉపన్యాసాన్ని రికార్డు చేసి పదమూడేళ్ల పిల్లలకు చూపిస్తే ఏం నిలబడుతుంది?

అసలు గొడవ వీడియో అయిపోయాక మొదలవుతుంది. "ఫోటో పంపకపోతే మాట్లాడనంటున్నాడు, ఏం చేయాలి?" "మొన్న సరేనన్నాను, ఇవాళ వద్దనొచ్చా?" ఇలాంటివి వీడియోని అడగలేరు. వద్దని చెప్పడం, వద్దంటే ఆగడం వింటే రావు. ఆ మాటలు నోటితో పలికి, సాధన చేసి, తడబడి నేర్చుకోవాలి. వీడియో వల్ల క్లాసులో మిగిలిన సమయం అందుకే. విషయం వీడియోలో, మాటలూ సాధనా క్లాసులో: దీన్నే బ్లెండెడ్ లెర్నింగ్ అంటారు. ఆ పేరు చెప్పి మనవాళ్లు మొదటి సగం చేసి, రెండో సగం ఎగ్గొడుతున్నారు.

"ఇవన్నీ చెబితే చెడిపోతారు" అనేవాళ్లకు ఒక్క మాట. యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు, ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడతారన్నది నిజం కాదని అధ్యయనాల ఆధారంగానే చెప్పాయి. పైగా మనం మొదలుపెట్టకముందే చాలామంది పోర్న్ చూసి నేర్చేసుకుంటున్నారు. అందులో ఎవరూ ఎవరినీ "నీకిష్టమేనా" అని అడగరు. దాన్ని ఇంకో వీడియోతో కడిగేయలేం, కూర్చుని మాట్లాడాల్సిందే.

ఇంకోటి, "ఇంట్లో చూసి రండి" అని పంపేసేవాళ్లు ఆ ఫోన్ ఎవరిదో ఆలోచించరు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉంటే ఏ అమ్మాయి ధైర్యంగా చూస్తుంది? ఇయర్‌ఫోన్స్ ఇచ్చి స్కూల్లోనే చూడనివ్వండి.

టీచర్లకు సిగ్గుంటే తప్పేం లేదు, ఆ మాటలు పలకడం వాళ్లకూ ఎవరూ నేర్పలేదు. ముందు వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వండి. అప్పటిదాకా ఒక నర్సునో కౌన్సెలర్‌నో పిలిచి, పేరు రాయని చీటీల్లో ప్రశ్నలు తీసుకుని, వాటికోసం కనీసం ఒక్క పీరియడ్ వదలండి. ఎంతమంది వీడియో చివరిదాకా చూశారన్న లెక్క మాత్రం నాకు చూపించకండి.