సెన్సిటివిటీ రిపోర్టు గారికి ఒక గేదెదారు విన్నపం

ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో తేల్చిచెప్పే మహారాజశ్రీ యాంటీబయోటిక్ సెన్సిటివిటీ రిపోర్టు గారి దివ్యసముఖమునకు, కోనసీమ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం, గేదె తప్ప. తమరు నిన్న మధ్యాహ్నం వాట్సాప్‌లో విచ్చేశారు. సరిగ్గా భోజనాల వేళ. ఆకు వేసి మర్యాద చేసేవాళ్ళమే గానీ, అప్పుడే పశువుల బేరగాడు వచ్చి కూర్చున్నాడు. మా గేదెకి పొదుగువాపు వచ్చి ముందు కుడి చన్ను ఎండిపోయింది. "మూడు చన్నుల గేదెకి ఇంతకన్నా పలకదండీ" అని ఓ రేటు చెప్పాడు. ఆ రేటు ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్ళు ఇది చదువుతారు.

తమరిని సాంతం చదివాను. జాతి అన్నచోట 'ఆవు' అని కొట్టారు. ముర్రా గేదెండి అది. ఆవు నలుపైతే పాలు నలుపా అన్నారు కాబట్టి సరిపెట్టుకున్నాం. క్రిమి పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. కింద మందుల పట్టీ. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా ఆర్. ఎన్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్. అంటే ఇన్నాళ్ళూ మేం చేయించిన ఇంజక్షన్లు ఆ క్రిమిని ఏమీ చేయలేవన్నమాట. అట్టడుగున జెంటమైసిన్ ఎదురుగా మాత్రం ఎస్. పాతమందు, చవకమందు, మా ఊరి షాపులోనే దొరికే మందు. పనిచేస్తుందట!

తమరికి టైం పడుతుందని నాకు తెలియక కాదు. డాక్టరు గారు చన్ను కొనని స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు కింద పిండేసి, సీసా మూతి చన్నుకి తగలకుండా పాలు పట్టారు. ఇంజక్షన్ చేయకముందే పట్టాలట, చేశాక పడితే ల్యాబులో క్రిమి మొలవకపోవచ్చట. ఆ సీసాని ఐసులో పెట్టి రావులపాలెంలో బస్సెక్కించాం. అక్కడ ఒక రాత్రి క్రిమిని పెంచాలి. మర్నాడు దాని మీద మందుబిళ్ళలు పేర్చి, ఇంకో రాత్రి ఆగి, ఏ బిళ్ళ చుట్టూ క్రిమి ఎన్ని మిల్లీమీటర్ల మేర చచ్చిందో కొలవాలి. రెండు మూడు రోజుల పని. ఎవరు కాదన్నారు? పొదుగు గట్టిపడి, పాలు ముక్కలు ముక్కలుగా దిగుతుంటే డాక్టరు గారు అన్నాళ్ళు ఆగలేరు కాబట్టి తోచిన మందు చేశారు. ఆయన్ని ఒక్కమాట అనను. కానీ ఆ తర్వాత తమరు ఎక్కడ విడిది చేశారు? బిళ్ళలు స్టాకు లేవన్నారు. వచ్చాయన్నారు. సారు క్యాంపుకెళ్ళారన్నారు. ఆఖరికి అంతా అయిపోయింది, సంతకం ఒక్కటే మిగిలిందన్నారు. వాటంగా ఉంటే ఆ క్రిమి అరగంటకోసారి రెట్టింపవుతుందండీ. సంతకం కోసం ఆగదు.

మందు పడుతున్నన్నాళ్ళూ పాలు కేంద్రానికి పోయకుండా పారబోశాం. తెలగపిండి ఖర్చు మామూలే.

పోనీ, ఆలస్యం కూడా వదిలేస్తాను. నన్ను నిద్రపోనివ్వనిది వేరే. మా వీధి చివరి వాళ్ళ గేదెకి పోయిన వర్షాకాలంలో ఇదే పొదుగువాపు. తమరి లాంటి కాగితమే వాళ్ళకీ వచ్చింది, చూర్లో దోపి ఉంది. నిన్న సాయంత్రం తీసి చూస్తే అదే క్రిమి, అవే ఆర్‌లు, అట్టడుగున అదే ఎస్. ఈ రెండు కాగితాలూ ఒకే ల్యాబులో పుట్టాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే నాథుడుంటే, మా డాక్టరు గారు మొదటిరోజే జెంటమైసిన్ వైపు చూసేవారు కాదా?

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పిల్లలకి కూడా ఇది కంఠతా వచ్చు. వరదల్లో ఎవరో ఒకరు గంటగంటకీ ఆ కొలత చూసి చెబుతారు కాబట్టే గొడ్డూగోదని గట్టెక్కించుకుంటాం. మందుకి లొంగని క్రిమి ఎంత ఎత్తుకొచ్చిందో చెప్పే కొలత ఏ రేవులో పాతారండీ?

ఫ్రాన్సులో జబ్బు పశువుల రిపోర్టులన్నీ 1982 నుంచి ఒకచోట కూడుతున్నారు. మొదట ఆవులవి, తర్వాత కోళ్ళూ పందులవి, ఆ తర్వాత కుక్కలూ పిల్లులవి కూడా. మనకీ ఐసీఏఆర్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి వాళ్ళ ఇన్‌ఫార్ అని, మందుకి లొంగని క్రిముల లెక్క తీసే ఒక నెట్‌వర్కు ఉంది, 2019 నుంచి 2022 దాకా లెక్కలు అచ్చేసింది. మంచిదే. ఆ పుస్తకం మా ఊరి పశువుల ఆసుపత్రి బల్ల మీదికి రాలేదు, మా గేదె కాగితం ఆ పుస్తకంలోకి వెళ్ళే దారీ కనబడలేదు.

రొయ్యకున్న యోగం గేదెకి లేదు. మన రొయ్యల లోడుల్లో సగానికి సగం పరీక్షిస్తామని 2016లో యూరప్ వాళ్ళు అనేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల పట్టుబడికి ముందే రొయ్యని ల్యాబుకి పంపుతారు. అది ఒంట్లో మిగిలిన మందు వెతికే పరీక్ష, తమరిది వేరు, ఒప్పుకుంటాను. కానీ తెల్లవాడు తినేదానికి అంత హడావిడి, మా మనవడు తాగే పాలకి సంతకం లేదు.

ఇక గారూ గీరూ చాలు. ఒరే కాగితమా, నీ మీద ఆర్ పడ్డ ఆ సెఫ్ట్రియాక్సోనే మొన్న మా నాన్నకి ఆసుపత్రిలో ఎక్కించారు. మనుషుల వైద్యానికి అతిముఖ్యమైన మందుల్లో ఆ రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పై వరసలో పెట్టింది. కోళ్ళకి, చేపలకి, మేతలో కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడొద్దని 2019లో కేంద్రం నిషేధించింది కూడా, అది రేపు మనుషులకి పనిచేయకుండా పోతుందన్న ఇలాంటి భయంతోనే. పేడలో, పాలలో, పాలు పిండే చేతుల్లో తిరిగే క్రిమికి నా గేదెని, మా నాన్నని వేరుచేసి చూడటం రాదు. ఆ కబురు ముందుగా చెప్పగలిగినదానివి నువ్వొక్కదానివే, నువ్వేమో చూర్లో పడుకుంటావు!

తిట్టాను గానీ నిన్ను డిలీట్ చేయలేదు. ప్రింటు తీయించి డాక్టరు గారికి ఇచ్చాను, వీధి చివరి వాళ్ళ కాగితం కూడా కలిపి. ఆయన రెండూ రిజిస్టరులో అతికించుకున్నారు.

తా.క. మా ఎదురింటి కుక్కకి చెవిలో చీము కారుతోంది. వాళ్ళబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్లో చెప్పిన చుక్కలమందు పోస్తున్నారు, కాస్త తగ్గగానే ఆపేస్తున్నారు, మళ్ళీ కారగానే మళ్ళీ పోస్తున్నారు. మందు మానిపించి ముందు చీము పరీక్షకి పంపండని నీ పేరే చెప్పాను. "ఆయ్, పంపుతామండి. రిపోర్టు ఎన్నాళ్ళకొస్తుందండీ?" అనడిగారు. ఏం చెప్పమంటావు?